జవాబు గడి

నాలుగింటికి మందు గొట్టంలోంచి కొడుకు కడుపులోకి వెళ్లింది. ఐదింటికి మంచం కడ్డీ మీద ఒక్కసారి కొట్టి చూడొచ్చన్నారు. మధ్యలో ఉన్న ఈ గంటను ఎక్కడ పెట్టుకోవాలో పెద్దాయనకు తెలియడం లేదు. ముప్పై నాలుగేళ్లు బాయిలరు ముందు నిలబడి గంటగంటకూ గేజీ చూసి కాగితం మీద రాసిన మనిషి. గంటంటే ఆయనకు ఒక అడ్డగీతకూ ఇంకో అడ్డగీతకూ మధ్య ఉన్న చోటు, అందులో నాలుగు అంకెలు, చివర సంతకం, అంతకు మించి గంటలో ఏముంటుంది అనుకునేవాడు. ఉంటుందని ఈ గదిలో తెలిసింది. కిటికీ తెర లాగేశారు, పెద్ద దీపం ఆర్పేశారు, మంచం పక్క యంత్రం నోరు నొక్కేశారు, ఇప్పుడది కూయదు, గుండె ఎంత కొట్టుకుంటోందో చెప్పే ఆకుపచ్చ అంకె మాత్రం వెలుగుతుంది. నూటనాలుగు. తలుపు మీద సిస్టరు కాగితం అంటించింది: గట్టిగా మాట్లాడరాదు, రోగిని ఊరికే తాకరాదు, పిలవరాదు. మొదటి మాట తనకు కాదనుకున్నాడు, తనకు సగం చెవుడు, గట్టిగా మాట్లాడాల్సిన అవస్థ ఎప్పుడూ ఎదుటివాళ్లదే. తక్కిన రెండూ మాత్రం తన కోసమే రాసినట్టున్నాయి. నూటమూడు. మంచానికి అవతల స్టూలు మీద కోడలు కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని, మొగుడి ముఖం వంక చూస్తూ. ఆమె మామగారితో మాట్లాడి ఇరవై రోజులైంది. మాట్లాడకపోవడానికి ఆమెకు హక్కుందని పెద్దాయనకు నిన్ననే తెలిసింది.

చొక్కా జేబులో పానా బరువుగా ఉంది. అరచెయ్యంత చిన్న పానా, పట్టీపట్టీ పిడి నున్నబడిపోయింది. ఆసుపత్రికి పానా తెచ్చే మనిషిని మొదట్లో సిస్టర్లు వింతగా చూశారు, తర్వాత బాయిలర్ తాత అని పేరు పెట్టి ఊరుకున్నారు. బాయిలరు గదిలో నోటితో మాట్లాడాలని చూసేవాడు కొత్తవాడన్నమాట. ఆ హోరులో ఎంత అరిచి గీపెట్టినా పక్కవాడికి పెదాలు కదలడం కనిపిస్తుంది తప్ప మాట వినపడదు. అందుకని గొట్టం మీద కొట్టాలి. మూడు దెబ్బలు కొడితే ఉన్నావా అని, అవతలివాడు రెండు కొడితే ఉన్నానని. చెవితో పని లేదు, గొట్టం మీద చెయ్యి వేసి ఉంచితే చాలు, దెబ్బ అరచేతిలోకి వస్తుంది. చెవులు పోయాక కూడా పెద్దాయనకు ఆ భాష పోలేదు. తను దిగిపోయాక కొడుకు అదే బాయిలరు దగ్గర చేరాడు, ఆ భాష ఇంటికీ వచ్చింది. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున పడగ్గది గోడ మీద మూడు దెబ్బలు పడితే ఉలిక్కిపడి లేచి కూర్చుందట, ఏం లేదు, నాన్న కాఫీ అడుగుతున్నాడు అని వీడు నవ్వుతూ అర్థం చెప్పాడట. ఆ కథ ఆమే అందరికీ చెప్పి నవ్వించేది. ఎంత బాగా చెప్పేది, మామగారి ముఖం ఎలా పెట్టాలో అలా పెట్టి మరీ. నూటరెండు. కోడలి ముఖంలో ఇప్పుడు ఆ నవ్వు ఎక్కడ ఉండేదో కూడా గుర్తు పట్టలేం.

నలభై మూడు రోజుల కిందట అబ్బాయి బాయిలరు నెత్తిన ఉన్న సేఫ్టీ వాల్వు మీట ఎత్తి చూడ్డానికి ఇనప నిచ్చెన ఎక్కి, దిగుతూ పడ్డాడు. తల సిమెంటు దిమ్మకు తగిలింది. మొదటి వారమంతా మందులతో నిద్రలోనే ఉంచారు. ఎనిమిదో రోజు నిద్రమందు తగ్గించారు, ఆ రోజు పెద్దాయన మంచం పక్క కడ్డీ మీద పానాతో మూడు దెబ్బలు కొట్టాడు. గట్టిగా కూడా కాదు. అరనిమిషం గడిచిందో లేదో, తొంభైలో ఉన్న గుండె నూటయాభైకి ఎగిరింది. రొమ్ము దబదబా ఎగసిపడింది, నుదుటి మీద చెమట ముత్యాల్లా పుట్టి కణతల మీదుగా దిండులోకి కారింది, చేతులు రెండూ కట్టెల్లా చాచుకుని మణికట్టు దగ్గర లోపలికి మెలిపడ్డాయి, ముఖం ఎర్రబడింది, కంటి కొసన నీరు. పలికాడు, అన్నాడు పెద్దాయన. ఆయన నోరు ఎప్పుడూ పెద్దదే, చెవిటివాళ్ల నోరు అంతే, మాట వరండా చివరి దాకా వెళ్లింది. బావమరిది పరుగెత్తుకుంటూ వచ్చి నాకూ చూపించు బావా అన్నాడు, మళ్లీ కొట్టాడు, వాడు మళ్లీ పలికాడు. ఇక చుట్టాలు. వచ్చిన ప్రతివాళ్లకూ ఒకసారి చూడాలని ఉండేది, చూశాక కళ్లు తుడుచుకుని, తండ్రి పిలిస్తే పలక్కుండా ఉంటాడా, రక్తం కదా అనేవాళ్లు. ఆ మాట ఎంత కమ్మగా ఉండేదో. ఆ కమ్మదనం ఇప్పుడు నోట్లో తిరగబడి చేదుగా వస్తోంది, ఉమ్మడానికి చోటు లేదు. తొంభై తొమ్మిది. వందకు కిందికి దిగడం ఆయన చూసి ఎన్నాళ్లైందో.

ఇంట్లో బాయిలరు లాగ్‌బుక్కు కాగితాలు దొంతర మిగిలిపోయి ఉంటే వాటినే తెచ్చుకున్నాడు. ఆవిరి ఒత్తిడి అని అచ్చు వేసిన చోట కొట్టేసి రక్తపోటు అని, నీటి మట్టం కొట్టేసి ఊపిరి అని, పొగగొట్టం వేడి కొట్టేసి జ్వరం అని, పంపు వేగం కొట్టేసి గుండె అని రాసుకున్నాడు. చివర రిమార్కులు అని ఒక గడి ఉంటుంది, దాన్ని కొట్టేసి జవాబు అని రాశాడు. పానాతో కొట్టినప్పుడల్లా ఆ గడిలో ఒక టిక్కు. కంటితో చూడందే పెన్ను ముట్టకూడదు, ముందు గంటది ఊహించి రాయకూడదు, గడిచిన గంటది గుర్తు తెచ్చుకుని రాయకూడదు, అది బాయిలరు గది నీతి, కొడుక్కి కూడా మొదట నేర్పింది అదే. సిస్టరు పక్క తిప్పిన టైమూ, గొంతు గొట్టంలో కఫం లాగిన టైమూ, దుప్పటి మార్చిన టైమూ, అన్నీ రాశాడు. ఎందుకు రాస్తున్నాడో తెలిసి కాదు, చేతికి ఊరికే ఉండటం రాక. రౌండ్లకు వచ్చే డాక్టరు ఆ కాగితాల వంక ఒక్కనాడూ చూడలేదు. నూటమూడు జ్వరం చూసి ఇన్ఫెక్షన్ అన్నాడు, మందు పెట్టాడు. రక్తంలో క్రిమి దొరకలేదు, అయినా మందు మార్చాడు. మూడోసారీ దొరకలేదు, ఇంకా ఖరీదైన మందు పెట్టాడు. చేతులు కొయ్యబారడం చూసి మూర్ఛ అన్నాడు, దానికి ఇంకోటి, మంచానికి కట్టమన్నాడు, కట్టారు. కట్టిన కొద్దీ వాడు ఇంకా బిగుసుకుపోయాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం డాక్టరు, అని పెద్దాయన బావమరిది దగ్గర తిట్టుకున్నాడు. తన చేతిలో ఉన్న కుందేటికి ఎన్ని కాళ్లో ఎంచి చూసుకోవాలని అప్పుడు తోచలేదు.

ఎంచి చూసింది కోడలు ఒక్కతే. ఆమె పనిచేసేది ఏడాది నిండని పిల్లల్ని పగలంతా చూసుకునే చోట, ఉద్యోగాలకు వెళ్లే తల్లులు పొద్దున అప్పగించి సాయంత్రం తీసుకుపోతారు. మాట రాని వాళ్లతో పదేళ్లుగా ఉంటోంది. ఇరవై రోజుల కిందట, చుట్టాలు మంచం చుట్టూ మూగి ఉండగా, పెద్దాయన పానా ఎత్తినప్పుడు ఆమె వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. అంతకు ముందెప్పుడూ ఆమె మామగారి చెయ్యి పట్టుకోలేదు.

"కొట్టకండి మామయ్యా. ఆయన పలకడం లేదు, ఆయనకి బాధగా ఉంది. పసిపిల్లలు నొప్పికి ఇలాగే బిగుసుకుంటారు, నేను రోజూ చూస్తాను."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అలాగని వినపడలేదని సాకు చెప్పుకోవడానికీ లేదు, ఆమె ముఖం ఆయన ముఖానికి ఎదురుగా పెట్టి ఒక్కో మాటా తేటగా పలికింది, ప్రతి మాటా వినపడింది. వాడు నాకు పలుకుతున్నాడు, నీకు వినపడటం లేదంతే, అన్నాడు. సగం చెవుడున్న మనిషి అన్న మాట అది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె బయటికి వెళ్లాక చుట్టాల వైపు తిరిగి, పాపం కోడలు ఆశ వదిలేసుకుంది అన్నాడు. జాలిగానే అన్నాడు, జాలిగా అన్న మాటే బాగా కోస్తుంది. మర్నాటి నుంచి వాళ్లు ఆమెను చూసే చూపు మారింది, వయసులో ఉన్న పిల్ల కదా, ఎన్నాళ్లని, అనే చూపు. ఆ గుంపు చూసి సిస్టర్లు ఇక గదిలో ఒక్కరే ఉండాలన్నాక ఆమె వంతు తగ్గిపోయింది, పలికించగలవాడు తండ్రి కాబట్టి తండ్రే ఉండాలని చుట్టాలన్నారు. ఆమె వరండాలో కూర్చుని అద్దంలోంచి చూసేది. ఆయన కొట్టినప్పుడల్లా కళ్లు మూసుకునేది, అది కూడా ఆయన చూశాడు, చూసి, చూడు ఎలా కళ్లు మూసుకుంటోందో అనుకున్నాడు. తొంభై ఆరు. తొంభై ఐదు.

నిన్న పొద్దున పాత డాక్టరు సెలవు మీద వెళ్లి కొత్త డాక్టరమ్మ వచ్చింది. తలకు దెబ్బలు తగిలినవాళ్లనే చూసే డాక్టరట, చిన్నపిల్ల, చెప్పులు కూడా చప్పుడు కాకుండా నడిచింది. తాళ్లు విప్పించింది. తర్వాత ఆయన ఒళ్లో ఉన్న కాగితాల దొంతర చూసి, ఇవేంటి తాతగారూ, చూడొచ్చా అంది. ఆయనకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నలభై ఒక్క రోజులకు ఒకరు అడిగారు. ఆమె నిలబడే చదివింది, వేలు ఒక వరసలోంచి ఇంకో వరసలోకి జరుపుతూ, వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు వస్తూ. తొమ్మిదీ పదికి పక్క తిప్పారు, తొమ్మిదీ పన్నెండుకి గుండె నూటయాభై రెండు. పదకొండుకి కఫం లాగారు, పదకొండూ రెండుకి ఊపిరి ముప్పై ఎనిమిది, తర్వాత జ్వరం. అరగంటకు అన్నీ దిగాయి. ఇన్ఫెక్షన్ గడియారం చూసుకుని రాదు కదండీ అంది, ఆయనతో కాదు, సిస్టరుతో. రక్తం మూడుసార్లు శుభ్రం, ఊపిరితిత్తుల ఫోటో శుభ్రం, మూర్ఛ కోసం తీసిన మెదడు పరీక్ష శుభ్రం, మరి ఇంకేమై ఉంటుంది అంది. ఆ తర్వాత ఆమె వేలు చివరి గడి మీద ఆగింది. ఈ టిక్కులు ఏంటండీ అంది. జవాబులండీ అన్నాడు. మూడు కొడితే వాడు పలుకుతాడని మొత్తం చెప్పాడు, గర్వంగా చెప్పాడు, పానా తీసి చూపించాడు కూడా. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. నలభై ఒక్క రోజుల్లో ఆ గదిలో కూర్చున్న డాక్టరు ఆమె ఒక్కతే, కూర్చోగానే ఆయనకు భయం వేసింది.

పెద్ద గొంతుతో కాదు, ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి, కోడలు చెప్పినట్టే తేటగా చెప్పింది. ఒంట్లో ఒక నరాల వ్యవస్థ ఉంటుందట, అపాయం వస్తే గుండెను పరుగెత్తించి, చెమట పట్టించి, కండరాలు బిగించేది. అపాయం పోయాక ఇక చాలని పైనుంచి ఆపేది మెదడట. ఆ ఆపే దారి దెబ్బతింది. ఇప్పుడు పక్కకు తిప్పినా, కఫం లాగినా, మూత్రం నిండినా, మంచం కడ్డీ అదిరినా ఒంటికి పులి మీద పడ్డట్టే, తెలివి ఉన్నా లేకపోయినా ఒళ్లు పరుగు పెడుతుంది, పడుకున్న చోటే. జబ్బు పేరు చాలా పొడుగు, రెండుసార్లు చెప్పింది, ఆయన రాసుకోలేదు. ఆయనకు అర్థమైంది బాయిలరు లెక్కలోనే, మంట తగ్గించే మీట కాలిపోయింది, చిన్న సైగకు కూడా బర్నరు నిండు మంట మీద లేస్తుంది. మరి వాడు నాకు పలికినవన్నీ, అని అడిగాడు.

"ఆయన వింటున్నారో లేదో నాకు ఇంకా తెలీదు తాతగారూ, తెలీనిది చెప్పను. కానీ ఇది మాత్రం జవాబు కాదు. రోజుకి ఎన్నిసార్లు కొట్టేవారు?"

ఆరుసార్లు. రోజుకు ఆరు, ముప్పై నాలుగు రోజులు, రెండొందల నాలుగు, కాగితాల మీద రెండొందల నాలుగు టిక్కులూ ఉన్నాయి, ఎంత పద్ధతైన మనిషి. వాడు పద్నాలుగు కిలోలు తగ్గిపోయాడు, గొట్టంలో పోసే పాలు ఒంటికి పట్టడం లేదని సిస్టర్లు అనుకునేవాళ్లు, పడతాయా, లోపల రోజుకు ఆరుసార్లు పులి తరిమింది కదా, సిస్టర్లు పక్క తిప్పినవి వేరే లెక్క. గోరుచుట్టు మీద రోకటిపోటంటారు, ఈయన రోకలి కూడా కాదు, పానా పెట్టి పొడిచాడు, కన్నకొడుకుని, చుట్టాలను పిలిచి చూపించి మరీ. ఈ జబ్బును పట్టించింది మీ కాగితాలేనని వెళ్తూ డాక్టరమ్మ మెచ్చుకుంది. అది నిజమే. నేరం చేసినవాడే రోజూ పూసగుచ్చినట్టు రాసి సంతకం పెట్టి ఉంచితే పట్టుకోవడం ఎంతసేపు. గుండె పరుగు తగ్గించే మాత్ర నిన్ననే మొదలుపెట్టారు, ఇవాళ మోతాదు పెంచారు, పక్క తిప్పే ముందు నొప్పిమందు కాస్త ఇవ్వాలన్నారు, అన్ని పనులూ ఒకేసారి చేసి మిగతా పొద్దంతా మనిషిని వదిలెయ్యాలన్నారు. ఒక్కసారి కొట్టి చూస్తానని అడిగింది ఆయనే. వాల్వు బాగుచేశామంటే సరిపోదండీ, పరీక్షించి చూడాలి అన్నాడు. డాక్టరమ్మ మందుల కాగితం ఇంకోసారి చూసి, ఒక్కసారే, ఐదింటికి, మందు పట్టాక, అంది. ఆయన అడిగింది వాల్వు కోసం కాదని ఆమెకు తెలిసే ఉంటుంది.

మరి దేని కోసం. తొంభై ఒకటి. అబ్బాయి పడ్డ నిచ్చెన మీద పైనుంచి మూడో మెట్టు. దాని వెల్డింగు ఒక పక్క వదిలి పదకొండేళ్లైంది, కాలు వేస్తే తిరుగుతుంది. షిఫ్టులో పాతవాళ్లందరూ దాన్ని దాటి కాలు వేసేవాళ్లు. లోపం కనబడితే రిమార్కుల గడిలో రాయాలి, అదీ బాయిలరు గది నీతే. రాస్తే రెండు రోజులు మంట ఆర్పాలి, ఫ్యాక్టరీ అంతా ఆగాలి, మేనేజరు ముఖం చిట్లించాలి, అందరికీ తెలిసిందే కదా, రాయడమెందుకు అని పదకొండేళ్లు అందరూ ఊరుకున్నారు, అందరికంటే ముందు పెద్దాయన. కొడుక్కి పని అప్పజెప్పిన మూడు రోజులూ వాల్వులు చెప్పాడు, నీళ్లు చెప్పాడు, మంట రంగు చెప్పాడు. మూడో మెట్టు చెప్పాడా? తన కాలు దాన్ని దాటడం గుర్తుంది, నోరు చెప్పడం గుర్తు లేదు. ఆ సంగతి నోటికి కాదు, కాళ్లకు తెలుసు. చెప్పానా లేదా అని ఈ లోకంలో అడగదగ్గ మనిషి ఒక్కడే, ఆ ఒక్కణ్నే రెండొందల నాలుగుసార్లు అడిగాడు. వాడి ఒళ్లు అదిరిపోతుంటే, చెప్పావులే నాన్నా అంటున్నాడని టిక్కు పెట్టుకున్నాడు. అజాగ్రత్తగా దిగడం వల్ల పడ్డాడని మేనేజరు కాగితం రాసి పంపితే కోడలు సంతకం పెట్టలేదు, ఆయన అలాంటి మనిషి కాదంది, అంతకు మించి ఆమె దగ్గర సాక్ష్యం లేదు. సాక్ష్యం ఉన్నవాడు పక్కనే కూర్చుని టిక్కులు పెట్టుకున్నాడు.

ఐదుకి పది నిమిషాలు ఉందనగా సిస్టరు వచ్చి నరంలోకి నొప్పిమందు ఎక్కించింది. ఇంకొకరిని పిలిచి అబ్బాయిని ఎడమ పక్కకు తిప్పింది, కఫం లాగింది. తొంభై నాలుగు, తొంభై ఎనిమిది, మళ్లీ తొంభై రెండు. చేతులు మెత్తగా దుప్పటి మీద పడి ఉన్నాయి. నుదురు పొడిగా ఉంది. ఇన్నాళ్లలో ఎప్పుడూ లేనిది, వాడి నోరు కాస్త తెరుచుకుని, చిన్నప్పుడు నిద్రపోయే తీరు వచ్చింది. సిస్టరు ఆయన వైపు చూసి తల ఊపింది. పెద్దాయన లేచి పానా తీశాడు. ఈసారి పలకకూడదని కోరుకోవాలి, కొడుకు పలకకుండా ఉంటే బాగుండని తండ్రి కోరుకోవాలి, దేవుడు ఎవరికీ పెట్టని పరీక్షలన్నీ ఏరి తనకే పెట్టాడు. కోరుకున్నాడు. కోరుకుంటూనే, ఒక్క రెండు అంకెలు పెరిగితే తప్పేంటి, అని లోపల ఎవరో గొణిగారు, ఆ గొణుగుడు మాత్రం చెవుడు అడ్డం రాకుండా బాగా వినపడింది. మూడు దెబ్బలు కొట్టాడు, ఎప్పుడూ కొట్టేంత గట్టిగానే, పరీక్ష పరీక్షే. ఎడమ చెయ్యి కడ్డీ మీద ఆనించి పెట్టాడు.

తొంభై రెండు. తొంభై రెండు. తొంభై ఒకటి. నిమిషం గడిచింది, రెండు, ఐదు. అరచేతికి చల్లటి ఇనుము తప్ప ఏమీ తగల్లేదు. పనిచేసింది తాతగారూ, డాక్టరమ్మకి ఫోన్ చేస్తాను, అని సిస్టరు నవ్వుకుంటూ బయటికి వెళ్లింది. నిజంగా మంచి పిల్ల. గదిలో ముగ్గురూ మిగిలారు. కోడలు స్టూలు మీంచి లేచి మంచం దగ్గరికి వచ్చింది, మొగుడి పొడి నుదుటి వంక, కదలని చేతుల వంక, అంకె వంక మార్చి మార్చి చూసింది, ఏదో వెతుకుతున్నట్టు. ఇరవై రోజుల తర్వాత ఆమె మామగారితో మాట్లాడింది, పెదాలు వణుకుతుంటే ఆయన మాట పోల్చుకోవడానికి కాస్త వంగాల్సి వచ్చింది.

"ఇంకోసారి కొట్టి చూడండి మామయ్యా."

ఆయన ఆమె వంక చూశాడు. ఆశ వదిలేసుకుందని తను ఊరంతా చెప్పిన పిల్ల.

"వద్దమ్మా," అన్నాడు. "పడుకోనియ్యి."

పానా జేబులో పెట్టి, కాగితం ఒళ్లోకి తీసుకున్నాడు. ఐదు గంటలు, రక్తపోటు, ఊపిరి, జ్వరం, గుండె తొంభై ఒకటి. జవాబు గడిలో, లేదు అని రాశాడు. పెన్ను ఎత్తి, జవాబు అని తన చేత్తో రాసిన మాటను కొట్టేసి, పైన మళ్లీ రిమార్కులు అని పెట్టాడు. కింద ఖాళీ వరసలో ఫ్యాక్టరీ పేరు, బాయిలరు నంబరు వేసి, నిచ్చెన పైనుంచి మూడో మెట్టు వదులు, పదకొండేళ్లుగా నాకు తెలుసు, అబ్బాయికి చెప్పినట్టు గుర్తు లేదు, అని రాసి, ఎప్పటిలాగే చివర సంతకం పెట్టాడు. తర్వాత కాగితం కోడలి వైపు తిప్పాడు.